వెళ్లినవాడు, పంపినవాళ్లు

ఏటా సెప్టెంబరు 11న దేశమంతా అటవీ అమరవీరుల దినం జరుపుతారు. 1730లో రాజస్థాన్‌లోని ఖేజర్లీలో చెట్లను కొట్టనివ్వకుండా అడ్డుపడి 363 మంది బిష్ణోయీలు ప్రాణాలిచ్చిన రోజు అది. సంతబొమ్మాళిలో స్థిరపడిన ఒక విశ్రాంత ఫారెస్టు సెక్షన్ ఆఫీసరు ఆ రోజు జరిగిన సభ చూసుకుని ఇంటికి వచ్చేసరికి, 108 అంబులెన్సులో ఈఎంటీగా (అత్యవసర వైద్య సహాయకురాలిగా) పనిచేసే మేనకోడలు రాత్రి డ్యూటీ దిగి అక్కడే ఉంది. సభలో ఎవరో ఒక అమెరికా రేంజరు గురించి మాట్లాడారు. ఆయన మనసంతా అక్కడే ఉంది. ఆమెకేమో అలాంటి సభలంటేనే గిట్టదు.

మావయ్య: పడుకుందువుగాని, ముందు ఈ ఒక్క సంగతి విను. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో మౌంట్ రైనియర్ అని ఒక కొండ ఉంది. ఎత్తు 4,392 మీటర్లు. మన మహేంద్రగిరికి దాదాపు మూడింతలు. నెత్తిన ఏడాది పొడుగునా మంచే. 2012 జూన్ 21న టెక్సస్‌లోని వేకో ఊరి నుంచి వచ్చిన నలుగురు శిఖరం చూసుకుని దిగుతున్నారు. మంచు మీద నలుగురూ ఒకే తాడుకి కట్టుకుని నడుస్తారు. ఒకరు జారితే మిగతావాళ్లు ఆపాలని. ఆపలేకపోతే అదే తాడు అందరినీ లాగేస్తుంది. ఆ రోజు ఎమ్మన్స్ హిమానీనదం మీద ఇద్దరు మంచు పగులులో పడ్డారు. సెల్‌ఫోన్లో కబురు అందగానే పార్కు రేంజర్లు బయల్దేరారు. వాళ్లలో నిక్ హాల్ ఒకడు. 13,700 అడుగుల దగ్గర, దెబ్బలు తగిలినవాళ్లను హెలికాప్టరులోకి ఎక్కించే పనిలో ఉండగా జారిపోయాడు. రెండు వేల అడుగులకు పైగా కిందికి. ఆ నలుగురూ బతికారు. ఇతను పోయాడు.

మేనకోడలు: పాపం. అయితే సభలో దానికి చప్పట్లు కొట్టారా?

మావయ్య: ఎందుకే అంత వెటకారం? ముక్కూమొహం తెలీని నలుగురి కోసం ఒకడు అంత ఎత్తున ప్రాణం పెట్టాడంటే నీకేమీ అనిపించదా?

మేనకోడలు: అనిపిస్తుంది. దాంతోపాటు మాకు ట్రైనింగులో చెప్పిన మొదటి పాఠం కూడా గుర్తొస్తుంది. సీన్ సేఫ్టీ. యాక్సిడెంటు దగ్గరికి వెళ్లగానే పేషెంటును కాదు, చుట్టుపక్కల చూడమంటారు. పెట్రోలు కారుతోందా, కరెంటు తీగ తెగిపడి ఉందా, వెనక నుంచి లారీలు వస్తున్నాయా. నేను పడిపోతే అక్కడ పేషెంట్లు ఇద్దరవుతారు, చూసేవాళ్లు సున్నా అవుతారు. 2005 ఆగస్టు 15న మన దగ్గర 108 మొదలైనప్పటి నుంచి బండెక్కిన ప్రతివాళ్లకీ ఇదే నేర్పుతున్నారు. మీ హాల్ కథలో నన్ను ఆపేది అదే.

మావయ్య: హాల్‌కి మాత్రం తెలీదనుకున్నావా? ఆ పార్కులో నాలుగేళ్లుగా అదే పని చేస్తున్నవాడు. ఇంకో సంగతి విను. అతను పడిపోయాక వాతావరణం చెడింది. అతని శవాన్ని దాదాపు రెండు వారాల దాకా కిందికి తేలేదు. తోటి రేంజర్లు తేలేకా, తెగించలేకా కాదు. పోయినవాడి కోసం ఇంకొకర్ని పోగొట్టుకోకూడదని ఆగారు. బతికున్నవాళ్లున్నారంటే గంటల్లో పరిగెత్తారు. పోయినవాడి దగ్గరికొచ్చేసరికి వాతావరణం తెరిపిచ్చేదాకా కూచున్నారు. తెగువా ఉంది, లెక్కా ఉంది. రెండూ ఒకే మనుషుల్లో.

మేనకోడలు: ఆ ఆగడం నాకు నచ్చింది. దాని గురించి సభలో ఎవరైనా మాట్లాడారా? మాట్లాడరు. పడిపోయినవాడికి దండ వేస్తాం. పద్నాలుగు రోజులు మనసు బిగబట్టుకుని కింద ఆగిన వాళ్లకి ఏ దండా ఉండదు. సరే, అది అలా ఉంచు. ఆ నలుగురు కొండెక్కింది సరదాకే కదా? ఎవరి సరదాకో ఒక ఉద్యోగి ప్రాణం ఎందుకు చెల్లించాలి?

మావయ్య: ఇది నువ్వు అడగాల్సిన ప్రశ్నేనా? టెక్కలి హైవే మీద తాగి బండి తోలి పడిపోయినవాణ్ణి నువ్వు ఎత్తుకెళ్లవా? ‘ఎందుకు తాగావు, ముందు అది చెప్పు’ అని అడిగాకే స్ట్రెచరు దించుతావా?

మేనకోడలు: లేదు.

మావయ్య: మన నెల్లూరు జిల్లా మల్లి మస్తాన్‌బాబు. 2006లో ఏడు ఖండాల ఏడు శిఖరాలూ 172 రోజుల్లో ఎక్కినవాడు. 2015 మార్చి 24న దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల్లో ఒంటరిగా ట్రెస్ క్రూసెస్ ఎక్కుతూ తప్పిపోయాడు. చిలీ, అర్జెంటీనా రెండువైపుల నుంచీ వెతికారు. ఏప్రిల్ తొలి వారంలో శవం దొరికింది. గాంధీజనసంగం ఊరికి తెచ్చి సాగనంపాం. ‘ఎవడో ఇండియావాడు సరదాకి ఎక్కాడు, మాకేటి?’ అని వాళ్లు అనుకుని ఉంటే? ఆ కన్నతల్లికి కొడుకు కడసారి చూపు కూడా దక్కేది కాదు.

మేనకోడలు: ఒప్పుకున్నాను. ఆపదలో ఉన్నవాణ్ణి నువ్వెందుకొచ్చావని అడగకూడదు. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. కాని నేను అడగాల్సింది కొండెక్కినవాణ్ణి కాదు మావయ్యా, రేంజర్ని పైకి పంపినవాళ్లని. అదే కొండ మీద, హాల్ పోవడానికి పదిహేడేళ్ల ముందు ఏం జరిగిందో మీ సభలో చెప్పారా?

మావయ్య: ఏటది?

మేనకోడలు: 1995 ఆగస్టు. అదే ఎమ్మన్స్ హిమానీనదం. ఎవరికో చీలమండ విరిగిందని కబురొస్తే ఇద్దరు కుర్రాళ్లను రాత్రిపూట పైకి పంపారు. షాన్ రయాన్ అనే రేంజరు, ఫిలిప్ ఓటిస్ అనే వలంటీరు. ఇద్దరూ ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల వాళ్లు. మంచు మీద జారకుండా బూటు కింద ఇనుప పళ్ల పట్టీలు కట్టుకుంటారు, క్రాంపాన్లు అంటారు. ఓటిస్ క్రాంపాన్‌తో తంటా వచ్చిందని ఆ రాత్రి రేడియోలో రయాన్ చెప్పాడు. ఆ తర్వాత ఇద్దరూ కలిసి జారిపోయారు. అంత ఎత్తున, చీకట్లో, గాలిలో, కాలి పట్టీ సరిగా లేని కుర్రాడు. దీన్ని మీరు ఏ పద్దులో రాస్తారు?

మావయ్య: అదీ సాయానికి వెళ్లి చనిపోవడమే.

మేనకోడలు: వాళ్లిద్దరి వైపు నుంచి చూస్తే అవును. పంపిన వైపు నుంచి చూస్తే అది వేరే పద్దు. రెంటినీ కలిపి ఒకే దండ వేసేస్తే రెండో పద్దు కనబడకుండా పోతుంది. నేను గొడవపడేది దాని గురించే.

మావయ్య: అమెరికా సంగతి వదిలేసి మన ఊళ్లకి రా. 2022 జూన్. వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి. జీడితోటలో ఎలుగుబంటి ఒక రైతుని చంపేసింది. మర్నాడే మళ్లీ వచ్చి ఇంకొంతమందిని చీరేసింది. ఆ మూడు రోజులూ ఉద్దానం ఊళ్లలో పొద్దుగూకితే గడప దాటినవాడు లేడు. అటువంటప్పుడు ఆ తోటలోకి ముందు అడుగు పెట్టేది ఎవరు? కలెక్టరా, ఎమ్మెల్యేనా? బీటు ఆఫీసరు, వాచరు. బండెడు జనం వెనకుంటే, కర్ర పట్టుకుని ముందుండేది వాళ్లే.

మేనకోడలు: కర్ర పట్టుకుని! నా ప్రశ్న నువ్వే అడిగావు చూడు.

మావయ్య: అడిగితే అడిగాను, ఉన్నది చెప్తాను. రాత్రి గస్తీకి వెళ్లే కిందిస్థాయి మనిషి చేతిలో కర్ర, టార్చి, సెల్‌ఫోను. మత్తు తుపాకీ, దాన్ని వాడటం తెలిసిన డాక్టరు విశాఖ జూ నుంచి రావాలి. నూట యాభై కిలోమీటర్లకు పైగా దూరం. పోనీ వచ్చారు. సూది తగిలిన వెంటనే జంతువు పడిపోతుందనుకుంటారు జనం. పడిపోదు. మందు ఎక్కడానికి పదినిమిషాలో పావుగంటో పడుతుంది. ఆ లోపల అది తుప్పల్లోకి పరిగెడుతుంది. దాని వెనక డాక్టరు, వల మోసేవాళ్లు. వాళ్ల వెనక కర్రలతో, సెల్‌ఫోన్లతో ఊళ్లకి ఊళ్లు. ‘గట్టిగా మాట్లాడకండి, వెనక్కి పోండి’ అంటే వినేవాడుండడు. ఎలుగు బెదిరితే ఎటు తిరుగుతుందో చెప్పలేం. ఆ పావుగంట దాని ముందు నిలబడటం ఉందే, అది జీతానికి చేసే పని కాదు.

మేనకోడలు: చివరికి ఆ ఎలుగు కూడా బతకలేదు కదా?

మావయ్య: లేదు. పట్టుకుని విశాఖ తీసుకెళ్తుంటే చచ్చిపోయింది. రెండేళ్లు తిరక్కుండా, 2024 మార్చిలో, అదే మండలంలో మళ్లీ ఎలుగు దాడికి మనుషులు పోయారు.

మేనకోడలు: మరి ఆలోచించు. ఎలుగులు జీడిపళ్ల కోసం, పనసపళ్ల కోసం ఎండాకాలం తోటల్లోకి దిగుతాయని ఉద్దానంలో చిన్నపిల్లకి కూడా తెలుసు. అది తుపాను కాదు, చెప్పకుండా రావడానికి. పలాసలోనో కాశీబుగ్గలోనో ఆ సీజనంతా ఒక మత్తు డాక్టరు, ఒక బోను, ఒక పూర్తి టీము సిద్ధంగా ఉంటే ఆ వాచరు కర్రతో ముందుండాల్సిన గంటలు ఎన్ని తగ్గుతాయి? పొద్దున్న వేళ తోటలోకి ఒంటరిగా వెళ్లొద్దని టముకు వేయించడానికి ఎంత ఖర్చు? ముందు చెయ్యాల్సిన పనులన్నీ మానేసి, చివర్లో ఒకడి గుండె ధైర్యం మీద భారమంతా వేస్తున్నాం. వాడు నెగ్గుకొస్తే ఎవరికీ గుర్తుండడు. పోతే సెప్టెంబరు 11న ఫొటో.

మావయ్య: అన్నీ సమకూరేదాకా వాచరు కదలకూడదంటావా? అలగైతే పందిళ్లపల్లి శ్రీనివాస్‌ని ఏమంటావు?

మేనకోడలు: వీరప్పన్ చంపిన ఐఎఫ్‌ఎస్ ఆఫీసరేనా?

మావయ్య: ఆయనే. రాజమండ్రిలో పుట్టినవాడు. కర్ణాటకలో పనిచేశాడు. వీరప్పన్ సొంత ఊరు గోపీనాథంలో మకాం పెట్టి, అక్కడి వాళ్లకి మందులిప్పించాడు, మారెమ్మ గుడి కట్టించాడు. దొంగల ముఠాతో తిరిగినవాళ్లలో కొందరు ఆయన మాట నమ్మి లొంగిపోయారు. ‘లొంగిపోతాను, ఆయుధం లేకుండా ఒంటరిగా రా’ అని కబురొస్తే 1991 నవంబరు 10న అలాగే వెళ్లాడు. వాళ్లు మాట తప్పి చంపేశారు. ప్రభుత్వం కీర్తిచక్ర ఇచ్చింది. అంతకంటే పెద్దది, ఆ ఊరి గుడిలో ఇవాళ్టికీ ఆయన ఫొటోకి పూజ చేస్తారు. తుపాకీతో వెళ్లి ఉంటే బతికేవాడేమో. కాని ఆయన ఆ ఊళ్లో చేసిన పనంతా తుపాకీ లేకుండా చేసిందే. నీ సీన్ సేఫ్టీ పుస్తకంలో ఆయనకి ఏ పేజీ ఇస్తావు?

మేనకోడలు: ఆయనకి పేజీ లేదు, ఒప్పుకుంటాను. ఆయన తనకి తానే నిర్ణయించుకుని వెళ్లాడు. ఆ నమ్మకం ఆయన సంపాదించుకున్నది, పోగొట్టుకుంటే ఏమవుతుందో ఆయనకి తెలుసు. దాన్ని కాదనడానికి నేనెవరిని? కాని తర్వాత ముప్ఫై ఒక్క ఏళ్లకి, 2022 నవంబరు 22న, భద్రాద్రి జిల్లా చండ్రుగొండలో రేంజరు చలమల శ్రీనివాసరావుని ప్లాంటేషన్ దగ్గర కొడవళ్లతో నరికేశారు. ఆయన చేతిలోనూ ఆయుధం లేదు. మొదటాయన వద్దనుకుని వెళ్లాడు. ఈయనకి లేక వెళ్లాడు. రెండూ ఒకటేనా మావయ్యా? మొదటిది మనిషి తెగువ. రెండోది ముప్ఫై ఏళ్లలో ఎవరూ ఏమీ చెయ్యకపోవడం. ఆయన కుటుంబానికి 50 లక్షలు ప్రకటించారు, మంచిదే. ఆ ముందు రోజు ఆయన పక్కన ఇంకో నలుగుర్ని పెట్టడానికి ఎంతయ్యేది?

మావయ్య: ఆయన్ని పొట్టనబెట్టుకున్న పోడు భూముల గొడవ నలుగురు గార్డులతోనో నాలుగు తుపాకులతోనో తీరేది కాదులే. పట్టాలు తేలక, అటు అడవి బిడ్డలూ ఇటు మావాళ్లూ నలిగిపోతున్నారు.

మేనకోడలు: అదే నేనూ అంటున్నాను. పైన తేల్చాల్సినది తేల్చకపోతే కిందున్న రేంజరు మెడ మీద తేలుతుంది. సరే, ఇంకొకటి అడుగుతాను. 2013 జూన్, కేదార్‌నాథ్ వరదలు గుర్తున్నాయా?

మావయ్య: మర్చిపోవడమేటి? మన తెలుగు యాత్రికులు వందల మంది చిక్కుకుపోయారు.

మేనకోడలు: ఆ నెల 25న వాయుసేన ఎంఐ-17 హెలికాప్టరు కేదార్‌నాథ్ నుంచి తిరిగొస్తూ గౌరీకుండ్ దగ్గర కూలింది. 20 మంది పోయారు. వాయుసేనవాళ్లు ఐదుగురు, ఎన్‌డీఆర్‌ఎఫ్‌వాళ్లు తొమ్మిది మంది, ఐటీబీపీవాళ్లు ఆరుగురు. యాత్రికుడు ఒక్కడూ లేడు, అందరూ కాపాడటానికి వెళ్లినవాళ్లే. వాళ్లలో ఒక్కరి పేరు చెప్పు.

మావయ్య: ...

మేనకోడలు: నాకూ రావు. ఆ వారంలోనే డెహ్రాడూన్ విమానాశ్రయంలో మన రాష్ట్ర పార్టీల వాళ్లు ‘మా విమానంలో ఎక్కించుకుంటాం, మేం ఎక్కించుకుంటాం’ అని యాత్రికుల ముందే తోసుకున్నారు. టీవీలో మళ్లీ మళ్లీ చూపించింది అది. మనవాళ్లని మోసుకొచ్చిన కొండల్లోనే ఆ 20 మంది పడ్డారన్నది మనకెవరికీ పట్టలేదు. పొగడ్తల్లో కూడా మనం నిలకడైన వాళ్లం కాదు మావయ్యా.

మావయ్య: దెబ్బ తగిలింది, కాదనను. కాని ఒక్కటి నువ్వు తప్పించుకుంటున్నావు. నువ్వు చెప్పే టీములు, బోన్లు, ట్రైనింగు అన్నీ వచ్చాయనుకో. మౌంట్ రైనియర్ మీద అన్నీ ఉన్నాయి. ఎక్కేవాళ్ల దగ్గర రుసుము తీసుకుని, ఆ డబ్బుతో కొండ రేంజర్లని పోషిస్తారు. చినూక్ హెలికాప్టరు వచ్చింది. తోటి రేంజర్లున్నారు. అయినా హాల్ పోయాడు. అంటే ఏటి? ఎంత సమకూర్చినా చివరి అడుగు ఒకటి మిగులుతుంది. ఆ అడుగు దగ్గర పుస్తకం ఉండదు. అక్కడ ‘నేను పోతాను’ అనేవాడొకడు కావాలి. అలాంటివాడు ఊరికే పుట్టడు. వాణ్ణి చూసి నలుగురు గర్వపడే ఊళ్లోనే పుడతాడు. మా సభలూ దండలూ అందుకే. నువ్వు లెక్కలు అడిగి అడిగి ఆ గర్వాన్ని చంపేస్తే, రేపు బోను ఉంటుంది, మోసేవాడుండడు.

మేనకోడలు: ఇది బలమైన మాటే. చివరి అడుగు ఉంటుందని నేనూ ఒప్పుకుంటాను. కాని మనం ఏం చేస్తున్నామంటే, మొదటి తొంభై తొమ్మిది అడుగులు కూడా ఆ ఒక్కడి చేతనే వేయించి, అన్నింటినీ చివరి అడుగని పిలుస్తున్నాం. హాల్‌కి అన్నీ ఇచ్చి పంపారు. చదువు, తోడు, హెలికాప్టరు. అవన్నీ ఉండి కూడా పోయాడు చూడు, ఆ పోవడానికి నేను తల వంచుతాను. ఏమీ ఇవ్వకుండా పంపితే పోయినవాడికి మాత్రం తల వంచి ఊరుకోను. వాడి ఫొటో పక్కన నిలబడి, పంపినవాళ్ల కేసి చూస్తాను.

మావయ్య: తిత్లీ తుపాను నాడు, 2018 అక్టోబరులో, ఎవరు ఏటిచ్చి పంపారు? కొబ్బరిచెట్లూ జీడిచెట్లూ రోడ్ల మీద అడ్డంగా పడిపోయి మీ 108 కదల్లేకపోతే, ఊళ్లలో కుర్రాళ్లు గొడ్డళ్లు పట్టుకుని నరుక్కుంటూ దారి తీశారు. వాళ్లకి సీన్ సేఫ్టీ ఎవరు చెప్పారు? చెప్పేదాకా ఆగి ఉంటే పురిటి నొప్పులవాళ్లు ఏమయ్యేవారు?

మేనకోడలు: వాళ్లు లేకపోతే మా బండ్లు లేవు, అది నిజం. ఆ పడిన చెట్ల కింద కరెంటు తీగలు కూడా ఉన్నాయి, అదీ నిజం. లైను చచ్చి ఉండటం వాళ్ల అదృష్టం. ఆ అదృష్టం మీద రెండోసారి ఆధారపడొద్దంటున్నాను. ప్రతి పంచాయతీలో ఒక రంపం మిషను, దాన్ని వాడటం నేర్చిన నలుగురు, లైన్‌మన్‌తో మాట్లాడటానికి ఒక ఫోను నంబరు. ఆ కుర్రాళ్ల మీద నాకు గౌరవం ఉంది కాబట్టే అడుగుతున్నాను.

మావయ్య: ఆఖరిగా ఒకటి అడుగుతాను, డొంకతిరుగుడు లేకుండా చెప్పు. ఈ రాత్రి నీకు కాల్ వచ్చింది. నౌపడ రోడ్డులో ఆటో స్తంభాన్ని గుద్దేసింది. తీగ ఆటో మీద పడి ఉంది. లోపల మనిషి మూలుగుతున్నాడు. వెళ్తావా?

మేనకోడలు: కరెంటు తీసేదాకా వెళ్లను. తీశారని తెలిసిన మరుక్షణం అందరికంటే ముందు నేనే ఉంటాను.

మావయ్య: ఆ లోపల వాడు పోతే?

మేనకోడలు: ఏడుస్తాను. ఆ పైన, కరెంటు తియ్యడానికి అన్ని నిమిషాలు ఎందుకు పట్టిందో ఊరంతా కలిసి అడగాలంటాను. అడిగేవాళ్లలో నువ్వు ముందుండాలి.

మావయ్య: ఉంటాను. కాని నువ్వు రోడ్డు మీద నిలబడి చూసిన ఆ పది నిమిషాలు నిన్ను వదలవే, జీవితమంతా అడుగుతాయి.

మేనకోడలు: అడగనీ మావయ్యా. జవాబు చెప్పడానికి బతికుంటాను కదా.